నాలుగు ఊళ్లు కలిస్తేనే జాతర

మన జాతరలు ఇన్ని తరాలు ఎలా నిలిచాయని అడిగితే హాస్టల్ పిల్లలు ‘భక్తితో’ అని ఠక్కున చెప్తారు. సరైన మాటే. అయితే జాతర నడవాలంటే భక్తితో పాటు కుండలు కావాలి, నీళ్లు కావాలి, వాయిద్యం కావాలి, నడిచి వచ్చేవాళ్లకు రాత్రి బస ఇచ్చే ఊరు కావాలి. ఇవన్నీ ఒకే ఊళ్లో, ఒకే వంశం చేతిలో ఉండవు. అందుకే మన పెద్దలు పండుగ పనిని వంతులుగా పంచారు. ఎవరి వంతు వాళ్లదే. ఈ రోజు మన సాంస్కృతిక సంఘాలు ఉత్సవాలు చేసేటప్పుడు తోటి సంఘాలతో ఎలా కలిసి నడవాలో నేర్చుకోవడానికి ఈ చరిత్ర ఒక్కటి చాలు.

కేస్లాపూర్ ఎడ్లబండి

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. గోండుల్లో మెస్రం వంశీయులు దీన్ని జరుపుతారు. జాతరకు చాలా రోజుల ముందే ఎడ్లబండి కట్టి ఊరూరా తిరిగి కబురు చెప్తారు. ఆ ప్రయాణంలోనే సిరికొండ వెళ్లి, అక్కడి కుమ్మరులకు పూజ కుండలు చేయమని చెప్పి వస్తారు. తర్వాత ఝరి పట్టుకుని కాలినడకన జన్నారం మండలంలోని హస్తినమడుగుకు పోయి గోదావరి నీళ్లు తెస్తారు. దారిలో ఊళ్లలో బస చేస్తారు. తిరిగి వస్తూ ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజ చేసి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద దిగుతారు. వాయిద్యం పర్ధాన్లది. వంశ చరిత్ర పాడి వినిపించేదీ వాళ్లే.

ఇందులో ఎంతమంది ఉన్నారో లెక్క పెట్టండి. పూజ మెస్రం వాళ్లది, కుండ సిరికొండ కుమ్మరులది, పాట పర్ధాన్లది, బస దారి ఊళ్లది. కుమ్మరి గోండు కాకపోయినా ఆయన చేసిన కుండ లేకుండా పూజ సాగదు. ఆయన్ను చివరి నిమిషంలో పిలవరు, బండి కట్టుకుని ముందే ఇంటికి వెళ్లి చెప్తారు. అడగడంలోనే మర్యాద ఉంది.

ఇంకో సంగతి. నాగోబా ఆలయాన్ని మెస్రం వంశీయులు తమలో తాము చందాలు వేసుకుని కొత్తగా కట్టుకున్నారు. 2022లో ప్రారంభం చేసుకున్నారు. పదిమందితో కలిసి పండుగ చేసేవాళ్లు తమ వంతు బరువు తామే మోశారు. కలిసి చేయడమంటే భారమంతా పక్కవాళ్ల మీద పెట్టడం కాదని దీన్ని చూసి తెలుసుకోవచ్చు.

దండారి: ఈ ఏడు మేము, వచ్చే ఏడు మీరు

దీపావళి రోజుల్లో గోండు గూడేల్లో దండారి ఆడతారు. నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుసాడీలను టీవీల్లో అందరూ చూశారు. టీవీలో కనబడనిది రాకపోకల పద్ధతి. ఒక ఊరి దండారి బృందం ఇంకో ఊరికి అతిథిగా వెళ్తుంది. ఆ ఊరివాళ్లు ఎదురొచ్చి కాళ్లు కడిగి, అన్నం పెట్టి, వాళ్లతో పాటు ఆడతారు. తర్వాత అతిథులుగా వెళ్లే వంతు వాళ్లది. పెళ్లి సంబంధాలు కూడా ఈ రాకపోకల్లోనే మాటల్లోకి వస్తాయి.

మర్లవాయికి చెందిన కనకరాజుకు గుసాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ వచ్చింది. మనందరికీ గర్వకారణం. కానీ గుసాడీ వెనక గుమేల, పర్ర, వెట్టె మోగించేవాళ్లు ఉండాలి. వాళ్లందరినీ కూర్చోబెట్టి అన్నం పెట్టే ఊరు ఉండాలి. ఒక్కడి ఆటతో దండారి కాదు.

మేడారం: నాలుగు దారులు

రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి మేడారం జాతర. సమ్మక్క చిలకలగుట్ట నుంచి వస్తుంది. సారలమ్మ కన్నెపల్లి నుంచి, పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి వస్తారు. ఏ ఊరి కోయ పూజారులు ఆ ఊరి దేవతను తెస్తారు. లక్షల జనం వచ్చేది మేడారం గద్దెల దగ్గరకే. అయినా కొండాయి తన పేరు వదులుకోలేదు, పూనుగొండ్ల తన పూజ మానలేదు. జాతర అయ్యాక ఎవరి దేవత వాళ్ల ఊరికి తిరిగి వెళ్తుంది. పెద్ద వేదిక చిన్న ఊరిని మింగేయలేదు.

కోయ వంశ కథలు డోలు మీద పాడే డోలీల వంతు వేరే ఉంది. వారిలో సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఈ కథలు అచ్చు పుస్తకాల కంటే ముందు వాళ్ల గొంతుల్లో బతికాయి.

బలమైనవాళ్లతో కలిసేటప్పుడు

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, ఇక్కడి భూమి గోడు, అడవి గోడు నిజాం ప్రభుత్వం వినక తప్పలేదు. గోండుల జీవితాన్ని అధ్యయనం చేసిన హైమండార్ఫ్ చొరవతో 1940లలో నాగోబా జాతరలో దర్బారు మొదలైంది. జాతర తేదీ, పూజ, క్రమం మెస్రం వాళ్ల చేతిలోనే ఉన్నాయి. అధికారులు అక్కడికి వచ్చి కూర్చుని జనం చెప్పేది వినాలి. చెప్పినవన్నీ తీరాయా అంటే, అది వేరే చర్చ. కానీ ఏర్పాటును గమనించండి. ప్రభుత్వం మన పండుగకు వచ్చింది. మనం దాని సభకు అలంకారంగా వెళ్లలేదు.

ఇప్పుడు మన సంగతి

ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. 1982లో ఐక్యరాజ్యసమితి కార్యబృందం తొలిసారి సమావేశమైన రోజది. 1994లో దాన్ని దినోత్సవంగా ప్రకటించారు. హాస్టళ్లలో పనిచేసే మాకు ఆ రోజు పండుగ, పరీక్ష రెండూ. ఒకే మండల కేంద్రంలో ఒక్కో సంఘం ఒక్కో వేదిక వేస్తుంది. అందరికీ పదిగంటలకే పిల్లల నృత్యం కావాలి. ముఖాన రంగు ఆరకముందే పిల్లలు ఆటో ఎక్కి ఇంకో వేదికకు పరుగు తీస్తారు. ముఖ్య అతిథి రాగానే పాట మధ్యలో ఆపేస్తారు. మన నృత్యం పెద్దవాళ్లు వచ్చేదాకా కాలక్షేపమా అని ఒక పాప మమ్మల్ని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వాల్సింది వేదికలు వేసే మనమే. ఇవాళ స్వాగత నృత్యంగా మిగిలిపోయినది, రేపటికి ఆ పాపకు తన పండుగగా గుర్తుండదు.

కాబట్టి సంఘాల్లో పనిచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మాట ఇది. కరపత్రం అచ్చయ్యాక పక్క సంఘం పేరు చేర్చడం పిలుపు అనిపించుకోదు. తేదీ ఖాయం కాకముందే వాళ్లింటికి వెళ్లి కూర్చోండి. వంతులు పంచండి. ఒకరు వాయిద్యం, ఒకరు భోజనం, ఒకరు పాత పాటలు రికార్డు చేయడం, ఒకరు వేదిక. వంతు ఇచ్చాక అందులో వేలు పెట్టకండి. కోలాంలు, నాయకపోడులు, తోటిలు సంఖ్యలో తక్కువైనా వాళ్ల వంతు తక్కువ కాకూడదు. వాళ్ల కథ వాళ్లే చెప్పాలి. ఖర్చు లెక్క అందరి ముందు చదవండి. అన్నిటికన్నా ముఖ్యం, మీ ఉత్సవానికి వచ్చినవాళ్ల ఉత్సవానికి మీరూ వెళ్లండి. వెళ్లి ముందు వరుస కుర్చీలు వెతక్కుండా, గిన్నెలు కడిగే దగ్గర కనబడండి.

వచ్చే ఆగస్టు 9కి ఇంకా సమయం ఉంది. ఎడ్లబండి లేకపోతే బండి మీదైనా బయల్దేరండి. ముందుగా వెళ్లాల్సింది, నిరుడు మీ వేదిక పక్కనే ఇంకో వేదిక వేసినవాళ్ల ఇంటికి.