తోట జలపాతం

తోట జలపాతం అనగా ఇంటి పెరటిలో గానీ, ఉద్యానవనంలో గానీ రాళ్ళు పేర్చి, క్రింది మడుగులోని నీటిని పంపుతో పైకి ఎత్తి, తిరిగి అదే మడుగులోకి దుమికేటట్లు నిర్మించిన కృత్రిమ జలపాతం. ఇందులో ఒకే నీరు మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వంటి పాత నివాస ప్రాంతాలలో పెరళ్ళు చిన్నవి కనుక, అక్కడి ఇళ్ళకు ఒక మీటరు నుండి మీటరున్నర ఎత్తు గల జలపాతం సరిపోతుంది. దీని జయాపజయాలు రాళ్ళ అమరిక కంటే నీటి ప్రవాహపు లెక్క మీద, పంపు ఎంపిక మీద ఎక్కువగా ఆధారపడతాయి.

నేపథ్యం

విద్యుత్ పంపులు లేని కాలంలో ఎత్తులో నిలవచేసిన నీటితోనే తోటలకు, ఫౌంటెన్లకు ప్రవాహం కల్పించేవారు. కుతుబ్‌షాహీల కాలంలో (1518–1687) గోల్కొండ కోటలో నీటిని అంచెలంచెలుగా పై తొట్లకు చేర్చి, మట్టి గొట్టాల ద్వారా క్రిందికి వదిలేవారు. నేడు ఆ పనిని చిన్న మోటారు చేస్తుంది. అయితే నీటి విలువ తగ్గలేదు. హైదరాబాదుకు 2000ల దశకం నుండి కృష్ణా నది నీటిని వంద కిలోమీటర్లకు పైగా దూరం నుండి పలు అంచెలలో ఎత్తి తెస్తున్నారు. అందువలన నల్లా నీటిని జలపాతంపై వదిలి కాలువలోకి పోనీయడం తగదు. మడుగును ఒకసారి నింపి, తగ్గినంత మాత్రమే కలుపుకోవాలి.

ప్రవాహపు అంచనా

నీరు ఏ రాతి అంచు మీదుగా దుముకుతుందో ఆ అంచు వెడల్పే ప్రవాహాన్ని నిర్ణయిస్తుంది. జలపాతపు ఎత్తుకు ఇందులో పాత్ర లేదు. తెగిపోని పలుచని తెరలా నీరు పడాలంటే అంచు వెడల్పులో ప్రతి సెంటీమీటరుకు గంటకు సుమారు 150 లీటర్లు కావాలి. రాతి మీద జాలువారితే చాలనుకుంటే ఇందులో సగం సరిపోతుంది.

ఉదాహరణకు అంచు 40 సెంటీమీటర్లు ఉంటే, 40 × 150 = గంటకు 6,000 లీటర్లు, అనగా నిమిషానికి 100 లీటర్లు. ఈ ప్రవాహానికి అంచు వెనుక నీటిమట్టం అంచు కంటే సుమారు 1.7 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. ఈ మట్టాన్ని రెట్టింపు చేయాలంటే రెట్టింపు నీరు చాలదు, దాదాపు 2.8 రెట్లు కావాలి. కాబట్టి నీరు తక్కువగా ఉన్నచోట పెద్ద పంపు కొనడం కంటే అంచును కుదించడం మేలు. అంచు సమమట్టంగా లేకపోతే నీరంతా పల్లపు వైపుకే పోతుంది.

ఎత్తు, గొట్టం

పంపు అధిగమించవలసిన మొత్తం ఎత్తును హెడ్ అంటారు. ఇందులో రెండు భాగాలున్నాయి. మొదటిది, మడుగు నీటిమట్టం నుండి గొట్టపు పై కొస వరకు గల నిలువు ఎత్తు. పంపు ఎంత లోతున మునిగి ఉన్నా కొలత నీటిమట్టం నుండే మొదలుపెట్టాలి. రెండవది, గొట్టంలోను, మలుపులలోను కలిగే ఘర్షణ.

పై ఉదాహరణలో నిలువు ఎత్తు 1.2 మీటర్లు, గొట్టం పొడవు 6 మీటర్లు, ఎల్బోలు నాలుగు అనుకుంటే:

* గొట్టపు లోపలి వ్యాసం 40 మిల్లీమీటర్లు ఉంటే ఘర్షణ సుమారు 0.6 మీటర్లు. మొత్తం హెడ్ 1.8 మీటర్లు.
* వ్యాసం 25 మిల్లీమీటర్లు ఉంటే ఘర్షణ సుమారు 4.9 మీటర్లు. మొత్తం హెడ్ 6.1 మీటర్లు.

అనగా సన్నని గొట్టం వాడితే అదే జలపాతానికి మూడు రెట్లకు పైగా శక్తి కావాలి. గొట్టంపై ఆదా చేసిన సొమ్ము కరెంటు బిల్లులో ప్రతి నెలా పోతుంది.

పంపు ఎంపిక

పంపు పెట్టెపై గరిష్ఠ ఎత్తు, గరిష్ఠ ప్రవాహం అని రెండు అంకెలు ఉంటాయి. ఈ రెండూ ఒకేసారి లభించవు. గరిష్ఠ ఎత్తు వద్ద ప్రవాహం సున్నా. గరిష్ఠ ప్రవాహం ఎత్తు ఏమీ లేనప్పుడు వచ్చేది. కాబట్టి తయారీదారు ఇచ్చే పట్టికలో మన హెడ్ వద్ద ఎంత నీరు వస్తుందో చూడాలి. పై ఉదాహరణకు 1.8 మీటర్ల వద్ద గంటకు 6,000 లీటర్లు ఇచ్చే పంపు కావాలి.

హార్స్‌పవర్ చూసి కొనడం సాధారణంగా జరిగే పొరపాటు. సంపు నుండి మిద్దె మీది ట్యాంకుకు నీరెక్కించే మోనోబ్లాక్ మోటారు ఎక్కువ ఎత్తు కోసం చేసినది. జలపాతానికి కావలసినది తక్కువ ఎత్తు, ఎక్కువ నీరు. పైగా ఈ పంపు రోజూ గంటల తరబడి ఆడాలి. కూలర్ పంపు బల్లమీద పెట్టుకునే చిన్న అలంకరణకు మాత్రమే పనికివస్తుంది.

అవసరానికి కొంచెం పైన ఉన్న పంపు తీసుకొని, నీరు బయటకు వచ్చే గొట్టానికి వాల్వు పెట్టి తగ్గించుకోవచ్చు. సరిచూడటానికి గొట్టపు పై కొసను 20 లీటర్ల బకెట్టులో పెట్టాలి. అది 12 సెకన్లలో నిండితే నిమిషానికి 100 లీటర్లు వస్తున్నట్లు.

మడుగు

పంపు ఆడుతున్నప్పుడు గొట్టంలో, పై తొట్టిలో, రాళ్ళపై ఉండే నీరంతా మడుగు నుండి వెళ్ళినదే. రెండు చదరపు మీటర్ల మడుగు నుండి 40 లీటర్లు పైకి వెళితే మట్టం 2 సెంటీమీటర్లు తగ్గుతుంది. అప్పుడు కూడా పంపు మునిగే ఉండాలి. కరెంటు పోయినప్పుడు ఆ నీరు తిరిగి వస్తుంది కనుక మడుగు పొర్లకుండా పైన జాగా వదలాలి. గొట్టపు పై కొస తొట్టి నీటిలో మునిగి ఉంటే నీరు వెనక్కి లాగబడుతుంది. కొసను నీటిమట్టానికి పైన ఉంచాలి. ఎండాకాలంలో ఇదే మడుగు ఒక సెంటీమీటరు ఇంకితే 20 లీటర్లు పోయినట్లే.

జాగ్రత్తలు

* నీటిలో ఉండే 230 వోల్టుల పంపుకు ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరా ఆపే రక్షణ స్విచ్చి తప్పనిసరి. నీటిలో చేయి పెట్టే ముందు ప్లగ్గు తీసివేయాలి.
* నీరు లేకుండా పంపు ఆడితే త్వరగా పాడవుతుంది. ఆకులు, నాచు చేరకుండా జాలీని తరచుగా కడగాలి.
* మలేరియా పరాన్నజీవి దోమలో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది సికింద్రాబాదులోనే. డెంగ్యూను వ్యాపింపజేసే ఏడిస్ దోమ కూడా నిలవనీటిలోనే గుడ్లు పెడుతుంది. పంపును రోజుల తరబడి ఆపవలసివస్తే మడుగును ఖాళీ చేసి, ఆ నీటిని చెట్లకు పోయాలి, లేదా గంబూషియా చేపలను వదలాలి.
* చిన్నపిల్లలున్న ఇంటిలో మడుగుకు కంచె గానీ, నీటిమట్టానికి కొద్దిగా క్రింద గట్టి జాలీ గానీ ఉండాలి.

ఇవి కూడా చూడండి

* జలపాతం
* అపకేంద్ర పంపు
* గోల్కొండ
* హుస్సేన్ సాగర్