హిమాయత్‌నగర్‌లో హిమం లేదు, గార ఉంది



మన ఊరి పేరు విని, ‘అక్కడ మంచు కురుస్తుందా?’ అని అడిగేవాళ్ళున్నారు. కురవదు. ‘హిమాయత్’ అంటే ఉర్దూలో అండ, రక్షణ. హిమంతో దానికి చుట్టరికం లేదు. మనకు పడేది వాన, అప్పుడప్పుడు రాళ్ళ వాన. మరాఠీలో గారపీట్ అంటాం.

తెలుగులో మంచు అనే ఒక్క మాటతో చాలా సరిపెట్టుకుంటాం. తెల్లవారి గడ్డి మీది తడి మంచే, కాశ్మీరులో కురిసేదీ మంచే. మొదటిది పైనుంచి రాలదు, నేల దగ్గరే పుడుతుంది. రెండోది మేఘంలోని ఆవిరి నేరుగా స్ఫటికమైతే వస్తుంది. అది దారిలో కరిగి, నేల దగ్గరి చలిగాలిలో మళ్ళీ గడ్డకడితే మంచు గుళికలవుతాయి. ఈ రెంటికీ కింద చలి కావాలి. వడగళ్ళకు అక్కర్లేదు. వేడెక్కిన నేల నుంచి ఉధృతంగా లేచే గాలి మంచు గింజను మేఘంలోనే నిలబెడుతుంది. దాని మీద నీరు పొరలు పొరలుగా గడ్డకట్టి, గాలి మోయలేనంత బరువయ్యాక రాయిలా పడుతుంది. అందుకే మంచు ఎరగని మనకు గార బాగా తెలుసు.

1956 దాకా మనం హైదరాబాదు రాష్ట్రంలోనే ఉన్నాం. 1939లో హైదరాబాదులో 3.4 కిలోల వడగల్లు పడిందని పాత లెక్కల్లో ఉంది. ప్రపంచ వాతావరణ సంస్థ మాత్రం 1986 ఏప్రిల్ 14న బంగ్లాదేశ్‌లోని గోపాల్‌గంజ్‌లో పడిన 1.02 కిలోల రాయినే రికార్డుగా గుర్తించింది. 1888 ఏప్రిల్ 30న మొరాదాబాద్ దగ్గర వడగళ్ళకు 246 మంది చనిపోయారు.

మన కాలంలో మరవలేనిది 2014. ఆ ఏడు శివరాత్రి ఫిబ్రవరి 27న. ఆ రోజుల్లో మొదలై మార్చి మధ్య దాకా మరాఠ్వాడా, విదర్భల్లో చేతికొచ్చిన గోధుమ, జొన్న, శనగ నేలపాలయ్యాయి.

2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా నియమాల్లో వడగళ్ళ నష్టాన్ని ఒక్కో రైతు పొలం చూసి లెక్కగట్టాలని రాశారు. 48 గంటల్లో కబురు పెట్టాలన్నారు. నిలిచి ఉన్న పంట మీద పడిన మామూలు అకాల వాన ఆ జాబితాలో లేదు. ‘వానకు పోయింది’ అనడానికీ ‘గారపీట్‌కు పోయింది’ అనడానికీ తేడా అక్కడ తెలిసింది. తర్వాత నియమాలు మారాయి. ఈ ఏటివి కృషి కార్యాలయంలో అడిగి తెలుసుకుందాం.

పంచనామాకు తలాఠీ వచ్చేసరికి రాయి ఉండదు, నీళ్ళవుతుంది. కాబట్టి పడింది ఏమిటో, ఏ రోజో, ఏ గంటకో వెంటనే రాసిపెట్టుకుందాం. కరగకముందే ఫోటో తీసుకుందాం.