బెంగళూరు-25లో కూర్చిన పేజీలు

1980లలో జర్మనీకి చెందిన స్ప్రింగర్ సంస్థ వేసిన లెక్కల పుస్తకమో, భౌతికశాస్త్ర గ్రంథమో చేతికొస్తే టైటిల్ పేజీ వెనక చూడండి. కొన్నింటిలో చిన్న అక్షరాలతో కూర్పు చేసినవారి చిరునామా ఉంటుంది: మాక్మిలన్ ఇండియా, బెంగళూరు-25. ఐటీ రాజధాని అన్న పేరు రాకముందే ఈ ఊరు ప్రపంచానికి పేజీలు కూర్చిపెట్టింది.

ఆ పని తీరు అప్పటికే మారుతోంది. తన పుస్తకం కొత్త ముద్రణ ప్రూఫుల్లో అక్షరాలు నచ్చక, స్టాన్‌ఫర్డ్‌లో డొనాల్డ్ క్నూత్ 1977లో పేజీలు కూర్చే ప్రోగ్రాం టెక్ తయారీకి పూనుకున్నాడు. 1980ల నడుమ లెస్లీ లాంపోర్ట్ దానిమీద లేటెక్ కట్టాడు. రచయితే కంపోజిటరయ్యాడు.

1990లో క్నూత్ టెక్‌కు తాళం వేశాడు. తప్పులు దిద్దుతాడు గానీ కొత్తవి చేర్చడు. పాత ఫైళ్లు ఇవాళ్టికీ చెక్కుచెదరలేదంటే ఆ పట్టుదల వల్లే. కాకపోతే మూలం కదలనన్నాక, కొత్త అవసరాలన్నీ పైన పేర్చుకోవాల్సిందే. అలా పుట్టినవే వేలాది ప్యాకేజీలు. చిక్కేమిటంటే, అన్నిటి ఆజ్ఞలకూ పేర్ల పట్టిక ఒక్కటే. ఊరంతటికీ ఇంటిపేర్లు లేకుండా ఒకే ఓటరు జాబితా రాసినట్టు! రెండు సమాకలనుల గుర్తుకు లెక్కల ప్యాకేజీ ఏఎంఎస్‌మ్యాథ్ పెట్టుకున్న పేరే గుర్తుల ప్యాకేజీ వాసిసిమ్ కూడా పెట్టుకుంది. రెండూ ఒకే ఫైల్లోకొస్తే తగవే.

మరో తగవు ఇంతకన్నా తమాషా. స్లయిడ్ల కోసం బీమర్ వాడితే, రంగులు చూసే ఎక్స్‌కలర్‌ను అది ముందే పిలిచేస్తుంది. పట్టికకు రంగులు కావాలని మీరు అదే ఎక్స్‌కలర్‌ను 'టేబుల్' అన్న ఆప్షన్‌తో మళ్లీ పిలిచారో, చాలాకాలం వచ్చిన జవాబు ఒకటే: ఆప్షన్ క్లాష్. ఆ ఆప్షన్‌ను మొదటి వరుసలో బీమర్‌కే చెబితే గొడవ లేదు. తప్పెవరిదంటే ఎవరిదీ కాదు. ఇద్దరూ ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు.

టెక్ విలువలు దాచుకునే గిన్నెల, అంటే రిజిస్టర్ల, లెక్క కూడా ముందే ఖాయం. అసలు టెక్‌లో ఒక్కో రకం రిజిస్టర్లు 256. ఒకేసారి రాయడానికి తెరిచే ఫైళ్లు 16. విషయసూచిక, బొమ్మల జాబితా, పదసూచి తలా ఒకటి పట్టుకుపోతే, చివరికొచ్చిన ప్యాకేజీకి చోటుండదు.

తెలుగుకు ఈ ఇరుకు ఇంకా గట్టిగా తగిలింది. ఒక ఫాంటులో 256 ఆకారాలే పడతాయి; మన గుణింతాలు, ఒత్తులు అందులో ఒదగాలి. 1990ల ఆరంభంలో ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణ్‌కుమార్‌ల తెలుగుటెక్ ఆ ఇరుకులోనే పని సాగించింది. మాటను ఇంగ్లిష్ లిపిలో కొట్టాలి. దాన్ని టెక్‌కు అర్థమయ్యేలా మరో ప్రోగ్రాం మారుస్తుంది. 2004లో జొనాథన్ క్యూ టెక్‌కు కొత్త రూపమైన జీటెక్ తెచ్చాక ఆ తిప్పలు పోయాయి. తెలుగులోనే టైపు చేసి, కృష్ణదేశికాచార్యుల పోతన ఫాంటుతో నేరుగా పేజీ తీయొచ్చు. ఆజ్ఞల పేర్ల పట్టిక మాత్రం అక్కడా ఒక్కటే. భాషలు చూసుకునే బేబెల్, పాలీగ్లాసియా రెంటినీ ఒకే ఫైల్లో పిలిస్తే తెలుగు పుస్తకానికైనా అవే ఎర్రర్లు.