మతకర్త చరిత్రమును శోధించిన స్త్రీ

మతకర్తల జీవితములను శిష్యులు వ్రాసినచో స్తోత్రములగును; శత్రువులు వ్రాసినచో నిందాపత్రములగును. ఈ రెంటి నడుమ దారి యెంత యిఱుకైనదో తెలియగోరువారు, అమెరికాలోని మోర్మను మతకర్తయగు జోసెఫ్ స్మిత్తును గూర్చి ఫాన్ బ్రోడీ యను నామె చేసిన పరిశోధనమును తెలిసికొనవలయును.

స్మిత్తు 1805లో జన్మించెను. దేవదూత చూపిన బంగారు రేకులనుండి తర్జుమా చేసితినని 1830లో మోర్మను గ్రంథమును ప్రకటించి, ఆ యేడే సంఘమును స్థాపించెను. 1844 జూను 27వ తేదీని కార్తేజి చెఱసాలలో అల్లరిమూకచే కాల్చి చంపబడెను. తన చరిత్ర మెవ్వరికిని తెలియదని యాతడు అంతకు కొలదినెలల ముందే యొక ప్రసంగమున ననెను. బ్రోడీ 1945లో వెలువరించిన గ్రంథమునకు ఆ మాటనే పేరుగా నుంచెను.

ఆమె పరాయిది కాదు. 1915లో యూటాలో మోర్మను కుటుంబమునందే పుట్టినది. పెదతండ్రి డేవిడ్ మెకే సంఘాధిపతులలో నొకడు. 1951లో ఆయన సర్వాధ్యక్షుడు కూడ నయ్యెను. అట్టి యింటి యాడుపడుచు, స్మిత్తు తన్నుగూర్చి తరువాతికాలమున చెప్పించిన చరిత్రమును, ఆ కాలపు పత్రికలతోను న్యాయస్థానపు కాగితములతోను సరిపోల్చి చూచెను. మన దేశమున అంజనము వేసి నిక్షేపములు చూపెద మనువారు లేరా? స్మిత్తు యౌవనమున రాతిలోనికి చూచి అట్టి పనియే చేసెననియు, 1826లో అందుకై న్యాయాధికారి యెదుట నిలుపబడెననియు ఆమె వ్రాసెను. భక్తులు ఆ యాధారము కల్పితమనిరి. 1971లో న్యూయార్కు రాష్ట్రమందలి నార్విచ్‌లో చెఱసాల నేలమాళిగనుండి ఆ న్యాయాధికారి ఖర్చుపట్టీ బయటపడెను. విచారణకైన రుసుము 2 డాలర్ల 68 సెంట్లు!

ఆమె యూహ లన్నియు నిట్లు నిలువలేదు. స్మిత్తు మనస్సులో దూఱి చూచినట్లు వ్రాయుట మాకు లోపముగనే తోచుచున్నది. ఒక ఛాయాచిత్రమందలి పోలికను బట్టి ఆలివర్ బ్యూయెల్ అను నతడు స్మిత్తు కుమారుడై యుండునని యామె తలచెను. 2007లో వంశీయుల జన్యుపరీక్షవలన అది సరికాదని తేలెను.

మన గృహిణులు ముఖ్యముగ గమనింపదగినది బహుభార్యాత్వ ప్రకరణము. స్మిత్తు దానిని బహిరంగముగ కాదనెను. భార్య ఎమ్మా, 1879లో మరణించు సంవత్సరమున సైతము, తన భర్తకు వేఱు భార్యలు లేరనియే చెప్పెను. బ్రోడీ యన్ననో నలువదిమందికి పైగా పేర్లను ఆధారములతో జాబితాగా నిచ్చెను. సంఘమువారు 1946లో ఆమెను వెలివేసిరి. ఆమె తిరిగి చేరకయే 1981లో గతించెను. భార్యలు 30 మొదలు 40 మంది వఱకు నుండవచ్చునని ఆ సంఘమువారే 2014లో ప్రకటించిరి.