హుసేన్ గుర్రాలు, మా ఎర్ర సిరా

ఈ సావనీరుకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సొసైటీ పెద్దలు అడిగినప్పుడు మాకు ముందుగా ఒక డ్రాయింగు కాగితం గుర్తుకొచ్చింది. లాలాపేట్‌లో మా ఉర్దూ మీడియం పిల్లవాడొకడు బారాత్ గుర్రం బొమ్మ వేశాడు. మెడ మొండెం కంటే పొడుగు, ముందు కాళ్లు రెండూ గాలిలో. మేము ఎర్ర సిరాతో మెడ కొట్టేసి, పుస్తకంలో బొమ్మ చూసి మళ్లీ గీయమన్నాము. మర్నాడు తెచ్చాడు. కొలతలన్నీ సరిపోయాయి గానీ గుర్రం కదలటం మానేసింది.

మక్బూల్ ఫిదా హుసేన్ సాహెబ్ గురించి చదివాక గానీ మా తప్పు మాకు తెలిసిరాలేదు. ఆయన 1915లో పండరీపురంలో పుట్టి ఇండోర్‌లో పెరిగారు. అక్కడి మొహర్రం ఊరేగింపులో నడిచే దుల్‌దుల్ గుర్రం చిన్ననాడే ఆయన మనసులో పడింది. 1930లలో బొంబాయి చేరి సినిమా హోర్డింగులు వేసి పొట్ట పోసుకున్నారు. అంత పెద్ద బొమ్మను దగ్గర నిలబడి వేసేవాడికి మొత్తం ఒక్కసారి కనబడదు కదా, చేతినే నమ్ముకోవాలి. 1950లలో చైనా వెళ్లి తాంగ్ కాలపు మట్టి గుర్రాలు చూసి వచ్చారు. ఇవన్నీ కలిసి ఆయన చేతికి ఎక్కాయి. అందుకే నాలుగు గీతల్లో ఎగిరే జూలు, వెనక్కి విరిచిన మెడ, పొంగిన ముక్కుపుటాలు. ఎముకలు లెక్కబెడితే కొన్ని తప్పుతాయి, పరుగు మాత్రం తప్పదు. చూడకుండా, చెయ్యి అరగకుండా వచ్చే ధైర్యం కాదిది. ఈ మాట పిల్లలకూ చెప్పాలి.

మన హైదరాబాదుతో ఆయనకు గట్టి చుట్టరికం. రామాయణం బొమ్మలు వేయమని రామ్ మనోహర్ లోహియా చెప్పిన మాట పట్టుకొని, ఇక్కడి బద్రీవిశాల్ పిత్తీ గారి ఇంట దాదాపు ఎనిమిదేళ్లలో నూట యాభై వరకు చిత్రాలు వేశారు. వాటిని ఎడ్లబండి మీద పల్లెలకు తీసుకుపోతే జనం వింతగా చూడలేదని, ప్రశ్నలు వేయలేదని ఆయనే చెప్పుకున్నారు. చదువుకున్న మాలాంటివాళ్లమే కొలబద్ద తీస్తాము! చివరి రోజులు పరదేశంలో గడిపి 2011లో లండన్‌లో కన్నుమూశారు.

ఇప్పుడు మా తరగతిలో గుర్రం బొమ్మకు ఎర్ర సిరా వాడటం లేదు. ఆ పిల్లవాడి రెండో కాగితం మా బీరువాలో ఉంది. మొదటిది ఎంత వెతికినా దొరకలేదు.