99 బెలూన్లు, ఒక గోడ: జర్మన్ గాయని నేనా కథ

ఈరోజు ఒక జర్మన్ పాప్ గాయని గురించి మాట్లాడుకుందాం. ఆమె పేరు నేనా. మన చెవికి ఎవరో "నేనా?" అని అడిగినట్టు ఉంటుంది కదా! చిన్నప్పుడు స్పెయిన్ వెళ్ళినప్పుడు వచ్చిన ముద్దుపేరు అది, అక్కడ చిన్నపిల్ల అని అర్థం. అసలు పేరు గాబ్రియేలె సుసానె కెర్నర్. 1960లో హాగెన్ పట్టణంలో పుట్టారు.

1981లో ఆమె పశ్చిమ బెర్లిన్‌కి మకాం మార్చారు. ఆ ఊరి పరిస్థితి తెలిస్తేనే ఈ కథ అర్థమవుతుంది. అన్ని వైపులా తూర్పు జర్మనీ, మధ్యలో ఈ సగం నగరం, చుట్టూ గోడ. 1982లో అక్కడ రోలింగ్ స్టోన్స్ కచేరీ జరిగింది, బెలూన్లు వదిలారు. నేనా బ్యాండ్‌లో గిటార్ వాయించే కార్లో కార్గెస్ అవి గాలికి కొట్టుకుపోవడం చూశారు. ఇవి గోడ దాటి వెళ్తే అవతలి సైన్యం ఏమనుకుంటుంది? అక్కడే పాట పుట్టింది. బెలూన్లను చూసి శత్రువులనుకుని యుద్ధవిమానాలు లేస్తాయి, చివరికి శిథిలాలే మిగులుతాయి.

ఇదంతా కవి ఊహ అని కొట్టిపారేయకండి. పాట వచ్చింది 1983 మొదట్లో. అదే ఏడాది సెప్టెంబర్ 26న, అమెరికా క్షిపణులు వస్తున్నాయని సోవియట్ హెచ్చరిక వ్యవస్థ చూపించింది. అది మేఘాల మీద పడిన ఎండ! అది తప్పుడు సంకేతమని స్టానిస్లావ్ పెట్రోవ్ అనే అధికారి తేల్చబట్టి సరిపోయింది. ఆ నవంబర్‌లోనే పశ్చిమ జర్మనీకి అమెరికా పెర్షింగ్ క్షిపణులు చేరాయి.

1984లో ఆ పాట అమెరికా చార్టుల్లో రెండో స్థానానికి వెళ్ళింది, అదీ జర్మన్ భాషలోనే! బ్రిటన్‌లో మొదటి స్థానం మాత్రం ఇంగ్లీష్ పాటకి దక్కింది. ఆ అనువాదం బ్యాండ్ వాళ్ళకే నచ్చలేదు. జర్మన్ పాటలో బెలూన్లకు ఎరుపు రంగు కూడా లేదు.

1987లో బ్యాండ్ విడిపోయింది. ఇక బయటి దేశాల వాళ్ళు ఆమెను ఒక్క పాట గాయని అనేశారు. ఇది తప్పు. 2003లో కిమ్ వైల్డ్‌తో పాడిన పాట యూరప్‌లో మోగింది, 2005లో మళ్ళీ జర్మనీలో నంబర్ వన్ కొట్టారు. నాకు మాత్రం వీటన్నిటికంటే 1989 ముఖ్యం. మొదటి బిడ్డను ఏడాది నిండకుండానే పోగొట్టుకున్నారు. ఆ తర్వాత కొన్నాళ్ళకే, అద్భుతాలు జరుగుతాయి అంటూ ఒక పాటతో ముందుకొచ్చారు. గోడ కోసం రాసిన పాట కాదది. నవంబర్ 9న గోడ తెరుచుకుంది. మూడు రోజులకే పశ్చిమ బెర్లిన్‌లో పెద్ద ఉచిత కచేరీ పెట్టారు, తూర్పు వైపు నుంచీ జనం వచ్చారు. ఆ వేదిక మీద నేనా కూడా ఉన్నారు.