లెక్క ఎవరికి చెప్పాలి?

అధికారంలో ఉన్న కమ్యూనిస్టు పార్టీ డబ్బుకు లెక్క చూసేదెవరని శంషాబాదు అధ్యయన గోష్ఠిలో ఒక విద్యార్థి నన్నడిగాడు. తెలుగునాట పార్టీకి ప్రభుత్వాధికారం దక్కలేదు గనుక జవాబును ముందుగా సోవియట్ చరిత్రలో వెతకాలి.

అక్కడ కేంద్ర తనిఖీ సంఘం ఉండేది. కేంద్రకమిటీ ఖజానానూ, దాని సంస్థల లెక్కలనూ పరిశీలించడం దాని విధి. దాన్ని ఎన్నుకొనేది మహాసభ, నివేదికా మహాసభకే. ఏర్పాటు సవ్యమైనదే. కాని మహాసభే జరగకపోతే?

మూడేళ్లకొకసారైనా జరపాలని నిబంధన. 1939 మార్చి తర్వాత మళ్లీ జరిగింది 1952 అక్టోబరులో! యుద్ధం కారణమనవచ్చు, అది 1945లోనే ముగిసింది గదా. 1927 నుండి సంఘాధ్యక్షుడైన వ్లదీమిర్‌స్కీ, వృత్తిరీత్యా వైద్యుడు, పాత బోల్షివిక్కు, 1939లో నివేదిక సమర్పించాడు. మరొకటి సమర్పించే సభ రాకుండానే 1951లో, ఆ పదవిలో ఉండగానే మరణించాడు. ఆ పన్నెండేళ్లూ ఆయన లెక్కలు చూడలేదని నేననను. చూసింది ఎవరికి చెప్పాలి? సభను పిలవవలసింది కేంద్రకమిటీ. ఆయన తనిఖీ చేయవలసిందీ ఆ కమిటీ లెక్కలనే.

1990లో ఇరవై ఎనిమిదవ మహాసభ ఈ సంఘాన్ని, క్రమశిక్షణ చూసే కమిటీని రద్దుచేసి, రెండింటి స్థానంలో ఒకే కంట్రోల్ కమిషన్‌ను నెలకొల్పింది. మరుసటి ఏడు పార్టీయే నిషేధానికి గురైంది.